పసిపిల్లలకు ఇంటిలోని ఆటలే తొలి దీపనౌషధము

“బాబుకి ఆకలే ఉండట్లేదండీ, ఏదైనా లేహ్యం ఇవ్వండి” అని అడుగు తల్లులు కంచరపాలెంలోని నా వైద్యశాలకు తరచుగా వచ్చుచుందురు. బిడ్డ నాలుకను, ఉదరమును, మలప్రవృత్తిని పరీక్షించిన పిమ్మట నేనడుగు మొదటి ప్రశ్న ఒక్కటే: “నిన్న వీడు ఎంతసేపు ఆడినాడు?” చాలమంది వద్ద సమాధానముండదు. సెల్‌ఫోను చూపించుచు అన్నము పెట్టితిమని మాత్రము చెప్పుదురు. కదలని దేహమున అగ్ని మందగించును. అట్టి బిడ్డకు లేహ్యము పోసినను అది బూడిదలో పోసిన నేయి వంటిదే.

తల్లుల ఇబ్బంది నేనెరుగనిది కాదు. ఒకవైపు రైలుపట్టాలు, మరొకవైపు వాహనములు ఎడతెగని జాతీయ రహదారి, నడుమ ఇరుకు సందులు. వేసవిలో సముద్రపు ఉక్క, ఆపైన వానలు, ఆశ్వయుజ కార్తికములందు తుపానులు. మూడు నాలుగేండ్ల బిడ్డను ఒంటరిగా వీధిలోనికి విడువుడని ఏ వైద్యుడూ చెప్పలేడు. గావున ఆటనే ఇంటిలోనికి తేవలెను.

శాస్త్రమేమి చెప్పుచున్నది?

బాల్యము కఫప్రధానమైన వయస్సు. కఫము గురువు, మందము. దానిని కదలికయే సమస్థితిలో నుంచును. అయితే వాగ్భటాచార్యులు అష్టాంగహృదయమందు వ్యాయామము చేయరాని వారిలో బాలురను కూడ చేర్చినారు. దీనిని చూపి “పిల్లలు గెంతరాదు” అను పెద్దలు కలరు. అది సరికాదు. నా గురువుగారు బోధించినట్లు, అచట నిషేధింపబడినది పట్టుదలతో చేయించు కసరత్తు, క్రీడ కాదు. కసరత్తులో బిడ్డ పెద్దల ఆజ్ఞకు లోబడి శ్రమించును. ఆటలో అలసిన క్షణమున తానే కూలబడును. చరకసంహిత శారీరస్థానమున బిడ్డ ఆటవస్తువులు రంగురంగులుగా, ధ్వని కలవిగా, తేలికగా ఉండవలెననియు, మొన తేలినవి, నోటిలో పట్టునవి, భయపెట్టునవి కారాదనియు చెప్పబడినది. క్రీడ నిషిద్ధమైనచో ఇంత విధి యేల?

ఆధునికులును ఇదే మార్గమున నున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారము 3, 4 ఏండ్ల పిల్లలకు దినమునకు 180 నిమిషములైనను కదలిక ఉండవలెను. అందు 60 నిమిషములు ఒగర్పు కలిగించునంతటి ఆట కావలెను. తెర ముందు కూర్చుండుట 1 గంటకు మించరాదు.

ఏ ఆటలు?

ఏడాది నిండని బిడ్డకు తారంగము, చాపపై బోర్లపడుట, ప్రాకుట చాలును.

2, 3 ఏండ్ల వారికి దాగుడుమూతలు, కప్పగంతులు, చెమ్మచెక్క తగినవి. దుప్పటి కప్పిన బల్ల క్రింద దూరుటయు వారికి గొప్ప ఆటయే.

4 ఏండ్లు దాటినవారికి నాలుగు స్తంభాలాట మిక్కిలి శ్రేష్ఠము. స్తంభములు లేని ఇంట గది మూలలే స్తంభములు. నలుగురు మూలలు మార్చుకొనుచుండగా ఐదవవాడు ఖాళీ మూలను పట్టుకొనవలెను. ముగ్గురే ఉన్నచో రెండు మూలలు చాలును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిన పిమ్మట దినముల తరబడి విద్యుత్తు లేదు, ఫోన్లు మూగవోయినవి. అప్పుడు మా వీధిలో ఇంటింటను పిల్లలు ఈ ఆటయే ఆడుట నేను చూచితిని. ఎవరును నేర్పనక్కరలేకపోయినది.

5 ఏండ్లు నిండినవారికి నేలపై సుద్దతో గళ్ళు గీసి తొక్కుడుబిళ్ళ ఆడింపవచ్చును. ఒంటికాలి గెంతు వలన పిక్కలకు బలము, దేహమునకు నిలకడ కలుగును.

పాటింపవలసిన నియమములు

1. భోజనమైన వెంటనే ఆడింపరాదు. ఉదయము, సాయంకాలము తగిన వేళలు.

2. ముందుగా నేలను తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి ఆడింపుడు. పొడి చీపురు దుమ్మును బిడ్డ ముక్కులోనికే లేపును.

3. మేడపై నివసించువారు బొంత పరచి గెంతనిండు. క్రింది ఇంటివారితో తగవు రాదు, మోకాళ్ళకు దెబ్బయు తగులదు.

4. ఒప్పులకుప్ప తిరుగునపుడు చుట్టును బల్లలు లేకుండ చూడుడు. చిన్నబిడ్డను చేతులు పట్టి పైకి లేపి గిరగిర త్రిప్పరాదు. మోచేతి కీలు తొలగవచ్చును.

5. గచ్చకాయలు, గోలీలు పసివారికి అందనీయకుడు. గొంతున అడ్డుపడును.

6. నుదుట చెమట పట్టి, నోరెండి, నోటితో శ్వాసించుట అర్ధశక్తికి చిహ్నములు. అచట ఆపవలెను. వేసవిలో అంతకంటె ముందే ఆపి నీరు త్రాగింపుడు.

ఆడుచుండగా పిల్లికూతలు, పెదవులు నీలమగుట, తోటివారికంటె త్వరగా ఆయాసము కన్పించినను, బరువు తగ్గుచున్నను జాగు చేయక వైద్యునకు చూపవలెను. అచట ఆట చికిత్స కాదు.

తక్కిన పిల్లల తల్లులకు నేను చెప్పునది ఇది: రెండు వారములు సాయంకాలము గంటసేపు ఆడించి, ఫోను దాచి, ఆకలి అని బిడ్డయే అడిగినపుడు అన్నము పెట్టుడు. అప్పటికిని ఆకలి పుట్టనిచో లేహ్యము సంగతి ఆలోచింతము. తల్లియో తాతయో తానును ఒక మూల నిలిచి ఆడినచో ఫలము ఇబ్బడిముబ్బడి యగును.