లెగోన్ గుట్ట మీద రాజకీయ పాఠం

ఘనా రాజధాని అక్రా నడిబొడ్డు నుంచి ఈశాన్యంగా వెళ్తే, ట్రాఫిక్‌తో కుస్తీ పట్టాక, ఒక్కసారిగా విశాలమైన రోడ్లు వస్తాయి. తెల్ల గోడలు, ఎర్ర పెంకుల కప్పులు, బారులు తీరిన చెట్లు, చివరన గుట్ట. అదే లెగోన్. ఘనా విశ్వవిద్యాలయాన్ని పూర్తి పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. ఫలానావాడు లెగోన్‌లో చదివాడంటే చాలు.

అమెరికా, యూరప్ కాలేజీల విద్యార్థులు ఆఫ్రికా రాజకీయాలూ సంస్కృతీ చదవడానికి జట్లుజట్లుగా అక్రాకు వస్తుంటారు. కొన్ని వారాలు, మహా అయితే ఒక సెమిస్టర్. న్యూయార్క్ యూనివర్సిటీకైతే ఈ నగరంలో సొంత కేంద్రమే ఉంది. పొద్దున ట్వి భాష పాఠం, మధ్యాహ్నం ఉపన్యాసం, సాయంత్రం డప్పులు, నాట్యం, వారాంతంలో సముద్రతీరాన బానిస వ్యాపారపు కోటల యాత్ర. ఇంతమాత్రానికే 54 దేశాల ఖండం అర్థమైపోయిందని ఇంటికెళ్లి చెప్పేవాళ్లకు కొదవ లేదు. అయితే లెగోన్‌లో ఒక వెసులుబాటు ఉంది. ఇక్కడి రాజకీయం కోసం పుస్తకాల్లో వెతకనక్కర్లేదు. నిలబెట్టిన విగ్రహాల్లో, పడగొట్టిన విగ్రహాల్లో కళ్లెదుటే కనిపిస్తుంది.

అసలు ఈ విద్యాలయం పుట్టిందే పేచీలో. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే వేళ బ్రిటిష్ పాలకులు, పశ్చిమాఫ్రికా మొత్తానికీ నైజీరియాలోని ఇబాదాన్‌లో ఒక్క విశ్వవిద్యాలయ కళాశాల చాలన్నారు. గోల్డ్‌కోస్ట్ (నేటి ఘనా) జనం ఒప్పుకోలేదు. మాకూ ఒకటి కావాల్సిందేనని పట్టుబట్టి 1948లో సాధించుకున్నారు. అందుకు కోకో పంట సొమ్ము పెద్ద అండ అయింది. అకువాఫో హాల్ అనే హాస్టల్‌కు ఆ పేరు పెట్టింది ఆ కోకో రైతులను తలచుకునే. విశాఖ ఉక్కు కోసం ఊరూరా కదిలిన తరానికి ఈ కథ కొత్తగా అనిపించదు.

1963లో దేశ తొలి అధ్యక్షుడు క్వామే ఎన్‌క్రుమా ఇక్కడ ఆఫ్రికా అధ్యయన సంస్థను ప్రారంభించాడు. ఆఫ్రికాను ఆఫ్రికన్ల కళ్లతోనే చదవాలన్నది ఆయన పట్టుదల. విదేశీ విద్యార్థులు ఈ సంస్థలో పాఠం విన్నాక, నగరంలోని ఆయన స్మారకవనానికి వెళ్తారు. ఒకప్పుడు అది పోలో మైదానం. 1957 మార్చి 6న దేశానికి స్వాతంత్ర్యం వచ్చిందని ఎన్‌క్రుమా ప్రకటించింది అక్కడే. అక్కడ ఆయన నిలువెత్తు విగ్రహం ఒకటుంది. దానికన్నా ఎక్కువసేపు చూడాల్సింది వేరొకటుంది: తల లేని విగ్రహం. 1966 ఫిబ్రవరిలో ఆయన హనోయ్‌కి బయల్దేరి దారిలో ఉండగా సైన్యం గద్దె దించింది. జనం విగ్రహాన్ని కూలగొట్టారు. ఆ మొండేన్ని ఇప్పుడు అదే వనంలో నిలబెట్టి, తలను పక్కనే వేరే దిమ్మె మీద ఉంచారు. అతికించి నున్నగా చేయలేదు. ఒక దేశం తన నాయకుడితో పడ్డ గొడవను దాచిపెట్టకుండా ఇలా ప్రదర్శనకు పెట్టడం అరుదు.

ఇంకో విగ్రహం మనది. 2016 జూన్‌లో రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ లెగోన్‌లో గాంధీ విగ్రహాన్ని ఆవిష్కరించారు. నెలలు తిరక్కుండానే అధ్యాపకులు దాన్ని తీసేయమని సంతకాలు సేకరించారు. దక్షిణాఫ్రికాలో తొలినాళ్ల రాతల్లో గాంధీ నల్లవారిని తక్కువ చేశాడన్నది వాళ్ల అభ్యంతరం. ఆఫ్రికా వీరుల విగ్రహాలు లేని చోట ఈయనెందుకన్నది ఇంకొకటి. 2018 డిసెంబరులో విగ్రహాన్ని తొలగించారు. మన దగ్గర కొందరికి మనసు నొచ్చుకుంది. కానీ ఆ రాతలు ఉన్న మాట నిజం, ఆ తర్వాత గాంధీ చాలా మారాడన్నదీ నిజం. ఈ రెండూ తెలుసుకోకుండా లెగోన్ వెళ్లే భారతీయ విద్యార్థి మొదటి చర్చలోనే నీళ్లు నములుతాడు. అమెరికా నల్లజాతి పిల్లలకు కేప్ కోస్ట్ కోటలో బానిసల చీకటికొట్టు, దాని నెత్తిన కట్టిన చర్చి ఎలాంటివో, మనవాళ్లకు ఈ విగ్రహం సంగతి అలాంటిది.

తిండి దగ్గర మాత్రం తెలుగువాళ్లకు పెద్ద ఇబ్బంది లేదు. పొద్దున్నే అమ్మే వాచే అంటే అన్నం, బొబ్బర్లు కలిపి వండింది. జొన్న ఆకుతొడిమలు వేసి ఉడికిస్తారు కాబట్టి మెతుకు ఎర్రబారి ఉంటుంది. ఆకులో పెట్టి, పక్కన షిటో అనే నల్లటి కారం, గుడ్డు, కాస్త సేమ్యాలాంటిది వేసి ఇస్తారు. షిటోలో ఎండుచేపలు, ఎండురొయ్యలు పడతాయి. శాకాహారులు ముందే అడిగి తెలుసుకోవాలి. డబ్బు ఎడమ చేత్తో ఇవ్వకూడదని అమెరికా పిల్లలకు పాఠం చెప్పాల్సి వస్తుంది. మన పిల్లలకు ఆ పాఠం అమ్మమ్మే చెప్పి పంపుతుంది.

కోర్సుకు అదృష్టం కలిసొస్తే ఎన్నికల కాలం దొరుకుతుంది. నాలుగేళ్లకోసారి డిసెంబరులో ఏనుగు గుర్తు పార్టీకీ గొడుగు గుర్తు పార్టీకీ పోటీ. 2008లో ఏనుగు గుర్తు పార్టీ అభ్యర్థి అకుఫో-అడ్డో 40 వేల పైచిలుకు ఓట్ల తేడాతో ఓడి, ఒప్పుకుని పక్కకు తప్పుకున్నాడు. 2012లో మళ్లీ ఓడినప్పుడు మాత్రం సుప్రీంకోర్టుకెక్కాడు. ఆ విచారణను దేశమంతా టీవీలో ప్రత్యక్షంగా చూసింది. తీర్పు వ్యతిరేకంగా వచ్చింది, దాన్నీ అంగీకరించాడు. 2016లో గెలిచాడు. ప్రజాస్వామ్యం అనే మాటకు ఇంతకన్నా మంచి సిలబస్ ఎవరు రాయగలరు?

ఈ కోర్సుల్లో పెద్ద లోపం ఉత్తర ఘనా. ఉత్తరాది ముఖ్య నగరం టమలే దూరం కాబట్టి చాలా కోర్సులు దక్షిణాన కోటల దగ్గరే ఆగిపోతాయి. కానీ ఉత్తరమే అక్రాకు వచ్చి ఉంది. లెగోన్‌కు దగ్గర్లోని మదీనా మార్కెట్‌లో అల్యూమినియం బేసిన్లు నెత్తిన పెట్టుకుని, బరువులు మోసే పని వెతుక్కుంటూ తిరిగే ఆడపిల్లలు కనిపిస్తారు. వాళ్లను కయాయే అంటారు. ఎక్కువమంది ఉత్తరాది పల్లెల నుంచి వచ్చినవాళ్లే. పాలమూరు వలస గురించి తెలిసినవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు. ఆ పిల్లల నెత్తిన బరువుతోపాటు మార్కెట్ పన్ను కూడా ఉండేది. 2017లో ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. పన్ను పోయింది కానీ ఊళ్లో పని లేకపోవడం పోలేదు. బరువుకు ఎంత కూలి ఇస్తారో, రాత్రి ఎక్కడ పడుకుంటారో, ఓటు వేయడానికి ఊరెళ్తారో లేదో వాళ్లనే అడగాలి. అడగాలంటే ట్వి చాలదు, ఉత్తరాది భాష దగ్బానీ వచ్చినవాళ్లు తోడుండాలి. ఈ మార్కెట్‌కు విద్యార్థులను తీసుకెళ్లే అధ్యాపకుడు దొరికితే, కోటల యాత్రలో ఒకటి మానుకున్నా నష్టం లేదు.