అంతర్జాల సమావేశాల్లో మాట వంతు: సమన్వయకర్త పాత్ర

ముఖాముఖి సంభాషణలో ప్రశ్నకు, జవాబుకు మధ్య విరామం సగటున సుమారు 200 మిల్లీసెకన్లేనని పది భాషలపై జరిగి 2009లో వెలువడిన పరిశోధన తెలిపింది. అంతర్జాల సమావేశాల్లో ధ్వని ఆలస్యంగా చేరుతుంది. ఈ ఆలస్యం ఒకవైపు 150 మిల్లీసెకన్లకు లోబడి ఉంటే సంభాషణ సాఫీగా సాగుతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సూచించింది. నెట్‌వర్క్ బలహీనమైనచోట ఈ హద్దు దాటిపోతుంది. అప్పుడు ఇద్దరు ఒకేసారి మాట్లాడతారు, ఇద్దరూ ఆగుతారు. చివరకు హోదాగలవారే కొనసాగిస్తారు. పరిశోధక విద్యార్థుల మౌనం అంగీకారంగా నమోదవుతుంది. వాస్తవానికి అది వంతు దొరకని మౌనం కావచ్చు.

కనుక వంతుల బాధ్యతను సమన్వయకర్తే స్వీకరించాలి. సభ్యులను పేరుపెట్టి పిలవాలి. పరిశోధక విద్యార్థులకు ముందుగా అవకాశమివ్వాలి. ప్రశ్న అడిగాక కొన్ని క్షణాలు వేచి ఉండాలి. తీర్మానానికి ముందు ప్రతి ఒక్కరి అభిప్రాయాన్ని లిఖితపూర్వకంగా సేకరించాలి.