బల్లకు తగ్గ తెర

"సార్, ఎన్ని ఇంచీలది కొనమంటారు?" అని నన్ను అడిగేవారు ఈ నాలుగైదేళ్ళలో ఎక్కువైనారు. టెలివిజన్ సంగతి కాదు. ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేసుకునే పిల్లలకు బల్ల మీద పెట్టుకునే కంప్యూటర్ మానిటర్ సంగతి. తెలుగు పాఠం చెప్పుకునే నన్నెందుకు అడగడమంటే, నల్లగొండ వంటి ఊళ్ళో కాలేజీలో పనిచేసే వాడికి సకల శాస్త్రాలూ వచ్చునని ఒక నమ్మకం. పంచాంగం, పాన్ కార్డు, పసిపిల్లల పేర్లు, ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ అన్నీ మా గుమ్మంలోకే వస్తాయి. అయితే ఈ ఒక్క విషయంలో మాత్రం నాలుగు మాటలు చెప్పగలిగినంత తెలుసుకున్నాను. రోజుకు ఆరేడు గంటలు తెర ముందు గడిపే వాడికి అది తప్పదు.

వెనుకటికి పాలమూరు అనగానే వలస గుర్తుకు వచ్చేది. దేశంలో ఎక్కడ ఆనకట్ట కడుతున్నా అక్కడ పాలమూరు కూలీ ఉండేవాడు. బొంబాయి బస్సు ఎక్కించి వచ్చిన వారి కళ్ళనీళ్ళు ఎరుగని పల్లె ఆ జిల్లాలో అరుదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఆ వలస ఒక్కసారిగా వెనుదిరిగింది. కూలీలు నడిచి వచ్చారు. హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగాలు చేసే పిల్లలు భుజాన ల్యాప్‌టాప్ సంచీలతో వచ్చారు. వచ్చిన వాళ్ళు అమ్మమ్మ గారి అర్రలో, మేడ మీది గదిలో, కొందరైతే వడ్లబస్తాల పక్కనే దుకాణం పెట్టారు. తరువాత ఆఫీసులు తెరిచారు. 2023లో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలోనూ, మా నల్లగొండలోనూ ఐటి టవర్లు కూడా వెలిశాయి. అయినా వారానికి రెండు మూడు రోజులు ఇంటి నుంచే పని చేసే పద్ధతి చాలా ఇళ్ళలో నిలిచిపోయింది. తాత్కాలికమని మంచం మీద మొదలుపెట్టిన పని ఏళ్ళ తరబడి మంచం మీదే సాగితే ఒళ్ళు ఊరుకుంటుందా?

మా మేనకోడలి సంగతి చెబుతాను. పాలమూరులో అత్తవారిల్లు. రెండేళ్ళ పిల్లవాడు. హైదరాబాదు కంపెనీలో సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం. వారంలో మూడు రోజులు ఇంటి నుంచి. పదిహేనున్నర ఇంచీల ల్యాప్‌టాప్ మీదికి మెడ వంచుకుని తొమ్మిది గంటలు పని. ఏడాది తిరిగేసరికి మెడనొప్పి, సాయంత్రమయ్యేసరికి తలనొప్పి. "ఇంత బాధ పడుకుంట ఎందుకమ్మా, మానెయ్యరాదు" అని అత్తగారు ప్రేమతోనే అన్నది. కాని ఆ మాట ఇంట్లో రెండోసారి, మూడోసారి వినిపించేసరికి పిల్లకు దిగులు పట్టుకున్నది. ఇంటి అప్పులో సగం కిస్తు ఆమె జీతంలోంచే పోతున్నది మరి. మామగారు రిటైరైన ఉద్యోగి, ఉదారుడు. "తెర చిన్నదైతేనే గద నొప్పి? హాలులో నలభై మూడు ఇంచీల టీవీ ఉన్నది, దానికి తగిలిద్దాం" అన్నారు. "మామయ్యా, నువ్వు వచ్చి చూడు" అని ఫోను వచ్చింది.

మా జిల్లాలో మెడనొప్పిని తేలికగా తీసుకోము. ఫ్లోరైడు నీళ్ళు తాగి మెడలు, వెన్నులు బిగుసుకుపోయిన మనుషులను చూస్తూ పెరిగిన వాళ్ళం. ఆ నొప్పి వేరు, ఈ నొప్పి వేరు. కాని మెడ తిప్పలేని బ్రతుకు ఎట్లా ఉంటుందో మాకు పుస్తకాల్లో చదివి తెలుసుకోనక్కరలేదు.

ఇంట్లో కూర్చుని పనిచేసే విద్య కూడా ఇక్కడ కొత్తది కాదు. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం నేతగాళ్ళ ఇల్లే వాళ్ళ ఆఫీసు. గుంట మగ్గం ఎప్పుడైనా పరకాయించి చూశారా? మనిషి నేల మీద కూర్చుని కాళ్ళు గుంటలోకి వేలాడదీస్తాడు. నేసే బట్ట సరిగ్గా మోచేతుల ఎత్తున వస్తుంది. మనిషిని చూచి గుంట తవ్వారు గాని గుంటను చూచి మనిషి వంగలేదు. అదే ఇంట్లో ఆడవాళ్ళ పని అయిన ఆసు పోయడంలో మాత్రం ఆ దయ లేకపోయింది. అర్ధచంద్రాకారంగా గుచ్చిన పుల్లల మీదుగా దారం అటూ ఇటూ తిప్పుతూ చెయ్యి వేలసార్లు ఆడించాలి. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు తల్లి భుజం నొప్పి చూడలేక ఏళ్ళ తరబడి పాటుపడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. తల్లి పేరుతోనే దానికి లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పనిముట్టు ఎంత ఖరీదైనదీ అన్నది కాదు, ఏ ఎముకకు ఎంత శ్రమ ఇస్తున్నది అని చూచిన మనిషి ఆయన. మానిటర్ కొనేటప్పుడు కూడా నేను ముందు చూడమనేది అదే.

ఇక లెక్కలోకి వద్దాం. దుకాణదారు ఇరవై నాలుగు, ఇరవై ఏడు, ముప్పై రెండు అని చెప్పే ఇంచీలు తెర వెడల్పు కావు. ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఏటవాలుగా కొలిచిన కొలత. ఈనాటి సామాన్యమైన పదహారుకు తొమ్మిది పాళ్ళ తెరలో 24 ఇంచీలంటే వెడల్పు సుమారు 53 సెంటీమీటర్లు, ఎత్తు 30. 27 ఇంచీలైతే 60, 34. 32 ఇంచీలైతే 71, 40. ల్యాప్‌టాప్ 15.6 ఇంచీలది 34 సెంటీమీటర్లకు కొంచెం పైన, ఎత్తు 19. అంటే 24 ఇంచీల తెర వైశాల్యం ల్యాప్‌టాప్ తెరకు రెండింతలు దాటిపోతుంది. 24 నుంచి 27కు మూడు ఇంచీలే గదా అనిపిస్తుంది గాని, వైశాల్యం పావు వంతుకు పైగా పెరుగుతుంది.

తెర పెద్దదైతే ఎక్కువ కనబడుతుందనుకోవడం సహజం. అది సగమే నిజం. దీనికీ పోచంపల్లే సాక్ష్యం. చిటికి కట్టే ముందు నమూనాను గ్రాఫు కాగితం మీద గళ్ళు గళ్ళుగా వేసుకుంటారు. చిలుకైనా, ఏనుగైనా ఆ గళ్ళలోనే పుట్టాలి. గళ్ళు పెద్దవైతే చిలుక ముక్కు మెట్లు మెట్లుగా వస్తుంది. సన్నవైతే వంపు తిరుగుతుంది. తెర మీది పిక్సెల్ ఆ గడి వంటిదే. ఫుల్ హెచ్‌డి అనే తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 గళ్ళు, మొత్తం సుమారు 20 లక్షల 73 వేలు. అవే గళ్ళను 24 ఇంచీల తెర మీద పరిస్తే ఇంచీకి 92 పడతాయి. 27 మీద పరిస్తే 82 మాత్రమే. అక్షరం పెద్దదవుతుంది, మొరటవుతుంది. పని మాత్రం ఒక్క గీత కూడా అదనంగా కనబడదు. 27 ఇంచీలకు 2560 గళ్ళ వెడల్పు, 1440 గళ్ళ ఎత్తు ఉన్న తెర కావాలి. అప్పుడు ఇంచీకి 109. 32 ఇంచీలకైతే 3840 గళ్ళ వెడల్పు, 2160 గళ్ళ ఎత్తు ఉన్న 4కె అనే రకం బాగుంటుంది. పెట్టె మీద ఇంచీలు పెద్ద అక్షరాల్లోనూ గళ్ళు చిన్న అక్షరాల్లోనూ అచ్చువేసే వారి తెలివికి నమస్కారం.

తెలుగు వ్రాసేవారికి ఈ గళ్ళ సంగతి మరీ ముఖ్యం. ఇంగ్లీషు అక్షరాలు ఒక వరుసలో బుద్ధిగా కూర్చుంటాయి. మనకు తలకట్టు పైన, గుణింతం పక్కన, ఒత్తు క్రింద. "రాష్ట్రం" అని వ్రాస్తే ష క్రింద రెండు ఒత్తులు. మొరటు తెర మీద చిన్న అక్షరాల్లో ఆ క్రింది కాపురమంతా ఒకే నల్లని మచ్చ. పైగా ఒత్తుల కోసం వరుసకూ వరుసకూ మధ్య జాగా ఎక్కువ వదలాలి, అందుచేత అదే ఎత్తులో ఇంగ్లీషు కంటే తక్కువ పంక్తులు పడతాయి. కాబట్టి తెలుగు దిద్దుబాటు పనిచేసే వారు వెడల్పు కంటే ఎత్తు మీద కన్ను వేయాలి. పదహారుకు పది పాళ్ళ తెరలు కొన్ని దొరుకుతాయి. అవి నాకు ఇష్టం. తెరను తొంభై డిగ్రీలు నిలువుగా తిప్పగల స్టాండు కూడా ఎంతో మేలు. నల్లగొండ నుంచి 1922లో వెలువడిన నీలగిరి పత్రిక గాని, సురవరం ప్రతాపరెడ్డి గారు నడిపిన గోలకొండ పత్రిక గాని, అటువంటి పాత పత్రికల పుటల ఫోటోలు చదవాలంటే నిలువు తెరలో పుట మొత్తం ఒక్కచూపులో కనబడుతుంది. అడ్డపు తెరలో ముక్కలు ముక్కలుగా జరుపుకుంటూ పోవలసిందే.

అయితే తెరను నిర్ణయించేది తెర కాదు, బల్ల. ఈ మాట ఎవరూ అడగరు, దుకాణదారు చెప్పడు. కంటికీ తెరకూ మధ్య చేయి చాచినంత దూరం, అంటే యాభై నుంచి డెబ్బై సెంటీమీటర్లయినా ఉండాలి. మానిటర్ స్టాండు గోడకు ఆనించి పెట్టినా తెర ముఖం ఆరు ఇంచీలు ముందుకే వస్తుంది. మన ఇళ్ళలో పిల్లల చదువు బల్లలు చాలావరకు పద్దెనిమిది ఇంచీల లోతువి. ఆ బల్ల మీద తెర పెడితే, బల్ల అంచుకు కాస్త వెనుక ఉన్న కంటికి నలభై సెంటీమీటర్ల దూరం దక్కడమే గొప్ప. అక్కడ ముప్పై రెండు ఇంచీలు పెడితే ఈ చివర నుంచి ఆ చివర చదవడానికి బోనాల ఊరేగింపు చూచినట్లు తల తిప్పుతూ ఉండాలి. బల్ల లోతు రెండు అడుగులైతే 24కు సుఖం, 27కు సరి. రెండున్నర అడుగులు దాటితేనే 32 మాట. బల్ల మార్చే వీలు లేకపోతే, బల్ల అంచుకు బిగించి తెరను వెనక్కు నెట్టే ఇనుప చేయి ఉన్నది. గోడ వరకూ జాగా కలిసివస్తుంది.

పాలమూరులో నేను చేసిన పనీ అదే. టేపు పెట్టి కొలిస్తే మామగారి పాత బల్ల పద్దెనిమిది ఇంచీలే. నలభై మూడు ఇంచీల టీవీ వెడల్పు తొంభై అయిదు సెంటీమీటర్లు. బల్ల కంటే అదే పెద్దది! ఆయనే నవ్వి ఊరుకున్నారు. పాత వార్తాపత్రికలు అతికించి 53కు 30, 60కి 34 సెంటీమీటర్ల రెండు కాగితాలు కత్తిరించి గోడకు అంటించాము. పిల్ల కుర్చీలో కూర్చుని ఒక పూట రెండింటినీ చూచింది. పరీక్షించే పనికి ఎడమ ప్రక్క ప్రోగ్రాము, కుడి ప్రక్క తప్పుల పట్టిక ఉంటే చాలు. 24 ఇంచీల ఫుల్ హెచ్‌డి, ఎత్తు తగ్గించుకోగల స్టాండుతో తీసుకున్నాము. బల్లను గోడ నుంచి ఒక జానెడు ముందుకు జరిపి, తెర స్టాండును వెనుక అంచు దాకా నెట్టాము. ల్యాప్‌టాప్‌కు వేరే కీబోర్డు, మౌసు. కిటికీ ఎదురుగా గాని వెనుక గాని కాకుండా ప్రక్కకు వచ్చేట్టు బల్ల తిప్పాము; ఎండాకాలంలో పాలమూరు వెలుగు తెర మీద పడితే ఏ ఇంచీలూ కాపాడవు.

మెడనొప్పి నెలా నెలన్నరలో బాగా తగ్గింది. తలనొప్పి మాత్రం సగమే పోయింది. కంటి డాక్టరుకు చూపిస్తే కొద్దిగా సైటు ఉన్నదని తేలింది. అద్దాలు వచ్చాక తక్కిన సగమూ పోయింది. మానిటర్ మీద నెపం వేసి కళ్ళు చూపించుకోకపోతే ఆ సగం అట్లాగే ఉండేది. ఆమె ఉద్యోగం చేస్తూనే ఉన్నది. అత్తగారి నోట ఆ మాట మళ్ళీ రాలేదు.

నలభై దాటిన వారికి వేరే చెప్పాలి. చత్వారం వచ్చి రెండు పొరల అద్దాలు పెట్టుకునే వారికి దగ్గరి చూపు అద్దం క్రింది భాగంలో ఉంటుంది. తెర ఎత్తుగా ఉంటే గడ్డం పైకెత్తి, మెడ వెనక్కు వంచి చదవవలసి వస్తుంది. తెర పై అంచు కంటి మట్టానికి సమంగా ఉండాలన్న నియమం చిన్నవారికి సరే. మనం ఇంకా నాలుగు వేళ్ళు దించుకోవాలి. 32 ఇంచీల తెరను ఎంత దించినా పై అంచు పైనే ఉంటుంది. నా బల్ల మీద 27 ఇంచీల తెర స్టాండు అట్టడుగుకు దించి ఉండడానికి కారణం ఇదే. తెర దూరానికే ప్రత్యేకంగా అద్దాలు చేయించుకుంటే మరీ సుఖం.

కరెంటు గురించి పెద్దలు అడుగుతారు గనుక చెబుతున్నాను. మామూలు వెలుగులో 24 ఇంచీల ఎల్‌ఇడి తెరకు ఇరవై వాట్ల ప్రాంతం, 27కు ముప్పై ప్రాంతం పడుతుంది. 32 ఇంచీల 4కె కొంచెం ఎక్కువ తాగుతుంది. ఇన్వర్టరుకు ఇది భారం కాదు. ఆ ప్రక్కన తిరిగే ఫ్యానే ఎక్కువ తింటుంది.

పాత మానిటర్ చవకగా వస్తున్నదంటే, ముందు నల్లని బొమ్మ, తరువాత తెల్లని బొమ్మ తెర నిండా పెట్టి చూడండి. చచ్చిన గళ్ళు, మూలల మరకలు అప్పుడే బయటపడతాయి. కొత్తదైతే ఇంటికి తెచ్చిన రోజునే ఆ పరీక్ష చేసి, పెట్టెనూ థర్మోకోలునూ ఒక వారమైనా అటక మీద దాచండి. తిరిగి ఇవ్వవలసి వస్తే దుకాణదారు మొదట అడిగేది ఆ పెట్టెనే.