అంచు తప్పితే అక్షరం వంకరే!

సౌకార్‌పేట (చెన్నై): మింట్‌ స్ట్రీట్‌ లాంటి ఇరుకు వీధుల్లో గిరాకీని పిలిచేది బోర్డే. దానిపై అతికే స్టిక్కరు అక్షరాలు కుదరాలంటే వినైల్‌ రోల్‌ కటింగ్‌ మిషన్‌లోకి తిన్నగా వెళ్లాలి. అడుగుకు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగినా పదడుగులకు సెంటీమీటరు తేడా. షీటు జారిందా, గీత మొదలైన చోటికొచ్చి కలవదు. గుండ్రటి తెలుగు అక్షరాల్లో ఆ లోపం ఇట్టే కనిపిస్తుంది. ముక్క చెత్తబుట్టకే, చిన్న దుకాణదారుకు చేతి డబ్బు పోయినట్టే.

ఉపాయం సులువే. కావాల్సినంత షీటు ముందే లాగి వదులుగా ఉంచాలి. అంచును మిషన్‌పై గీతకు సమంగా పెట్టాలి. రబ్బరు చక్రాలను కింది గరుకు రోలర్లపైనే దించాలి. రెండువైపులా ఒత్తిడి ఒకేలా ఉండాలి. కోతకు ముందు పొడవంతా ముందుకూ వెనక్కూ నడిపించాలి. అంచు జరిగితే చక్రాలెత్తి మళ్లీ సర్దాలి. కాస్త ఓపిక పడితే సరుకు మిగులుతుంది.