దవడ బిగిస్తే పంటినే అనుమానించాలా?

నోరు సరిగా తెరుచుకోకపోతే ఎవరైనా ముందుగా పంటినే అనుమానిస్తారు. చాలాసార్లు ఆ అనుమానం నిజమే. జ్ఞానదంతం వాపు, గొంతులో చీముగడ్డ, వాంతులు కట్టడానికి వాడే కొన్ని మందులు కూడా దవడలను బిగించగలవు. కాని అదే బిగింపు ధనుర్వాతానికి తొలి హెచ్చరిక కావచ్చు. దానిని పోల్చుకోవడంలో జాప్యం జరిగితే ప్రాణానికే ముప్పు.

ఈ వ్యాధిని కలిగించే క్రిమి మట్టిలో, పశువుల పేడలో బీజరూపంలో ఏళ్ళ తరబడి నిలిచి ఉంటుంది. ముల్లు గుచ్చుకున్నా, మేకు దిగినా, గాలి సోకని లోతైన గాయంలో అది మొలకెత్తి విషాన్ని పుట్టిస్తుంది. ఆ విషం నరాల వెంట వెన్నుపాముకు చేరి, కండరాలను సడలించే సంకేతాలను అడ్డగిస్తుంది. సాధారణంగా గాయమైన 3 నుంచి 21 రోజులలో లక్షణాలు పొడసూపుతాయి. అప్పటికి గాయం మానిపోయి, రోగి దాని సంగతే మరచి ఉండవచ్చు. మొదట దవడలు, పిదప మెడ, పొట్ట బిగుసుకుంటాయి. చిన్న చప్పుడుకే ఈడ్పులు వచ్చి శరీరం ధనుస్సులా వంగుతుంది. వ్యాధికి ఆ పేరు అందుకే వచ్చింది. ఇంత జరిగినా రోగికి స్పృహ తప్పదు.

ఈ వ్యాధిని తేల్చి చెప్పే రక్తపరీక్ష లేదు. వైద్యుని పరిశీలనే ఆధారం. గొంతు వెనుక గోడను బద్దతో తాకితే ఆరోగ్యవంతునికి ఓకరింత వస్తుంది. ధనుర్వాత రోగి ఆ బద్దను కరచి పట్టుకుంటాడు. ముంబయి వైద్యులు 400 మంది అనుమానిత రోగులను ఇలా పరీక్షించి, 1995లో ఫలితాలు ప్రకటించారు. వ్యాధి ఉన్నవారిలో 94 శాతం మంది ఈ పరీక్షలో బయటపడ్డారు. లేనివారిలో ఒక్కరు కూడా పొరపాటున రోగిగా తేలలేదు. అయితే ఇది వైద్యులు చేయవలసినదే గాని, ఇంట్లో ప్రయత్నించదగినది కాదు.

నరాలను పట్టిన విషాన్ని ఏ మందూ వదిలించలేదు. ఇంకా పట్టని విషాన్ని మాత్రం ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షను నిర్వీర్యం చేస్తుంది. అందుకే ప్రతి గంటా విలువైనదే. గాయాన్ని శుభ్రపరచి, మెట్రోనిడజోల్‌తో క్రిములను అరికట్టి, డయాజిపామ్ వంటి మందులతో ఈడ్పులను అణచుతారు. రోగిని నిశ్శబ్దమైన, వెలుతురు తక్కువగా ఉన్న గదిలో ఉంచుతారు. ఊపిరి అందకపోతే శ్వాసయంత్రం అమర్చుతారు. కోలుకోవడానికి వారాలు పడుతుంది.

ఒకసారి వచ్చి తగ్గినంత మాత్రాన ఈ వ్యాధి మళ్ళీ రాదనే భరోసా లేదు. కోలుకున్నవారికీ టీకా తప్పదు. బాలింతలకు, పురిటి బిడ్డలకు వచ్చే ధనుర్వాతం నిర్మూలన లక్ష్యాన్ని ఆంధ్రప్రదేశ్ 2003లో, భారతదేశమంతా 2015లో సాధించాయి. టీకాలు, శుభ్రమైన కాన్పులు సాధించిన విజయమిది. కాని క్రిమి మట్టిని విడిచి పోలేదు. గాయం చిన్నదైనా సబ్బునీటితో కడిగి, టీకా సంగతి వైద్యుని అడగాలి. దవడ బిగిస్తే మటుకు తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.