నన్నారి: వేరు గుణం సీసాలో ఉందా?

ఎండలు ముదిరితే మన ఇళ్లలో నన్నారి సీసా దిగుతుంది. రంజాన్ వేసవిలో వస్తే ఇక చెప్పనక్కర్లేదు. నిమ్మరసం, నానిన సబ్జా గింజలు కలిపి ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద పెడతాం. "రక్తం శుభ్రమవుతుంది, సెగ్గడ్డలు పోతాయి" అని పెద్దవాళ్లు మరో గ్లాసు తాగిస్తారు. చిక్కు అక్కడే ఉంది.

మన సుగంధిపాలే తమిళుల నన్నారి, కన్నడిగుల సొగదే బేరు, మరాఠీ, ఒడియా వారి అనంతమూల్. యునానీలో దీన్ని ఉష్బా హిందీ అంటారు. ఉష్బా మగ్రిబీ వేరు, అది అమెరికా ఖండపు తీగ. మాజూన్ ఉష్బాను "ఇదీ నన్నారే కదా" అని చెంచాల కొద్దీ తినకండి. అందులో ఇతర దవాలూ ఉంటాయి.

బజారులో మారేడు కొమ్ములను కూడా నన్నారి పేరుతోనే అమ్ముతారు. సుగంధిపాల వేరు సన్నగా, ముదురు గోధుమ రంగులో ఉంటుంది. మారేడు కొమ్ము వేలంత లావు, కండ గలది. తమిళనాట మాకాళి కిళంగు అని మజ్జిగలో ఊరవేసేది ఇదే. రెండింటికీ ఆ పరిమళం ఒకే పదార్థం వల్ల వస్తుంది, వెనిలా వాసనకు దగ్గర చుట్టం అది. నల్లమల, శేషాచలం అడవుల్లో తవ్వకం ఎక్కువై మారేడు కొమ్ములు తగ్గిపోతున్నాయి. అందుకే ఎసెన్సు సీసాలు పెరిగాయి. లేబుల్ మీద వేరు సారం అని లేకపోతే మీరు కొన్నది రంగు, వాసన, చక్కెర మాత్రమే.

సెగ్గడ్డలకు హకీములు దీన్ని ముసఫ్ఫీ-ఎ-ఖూన్‌గా, అంటే రక్తశుద్ధికి, ఇస్తారు. నిజమే. కానీ వాళ్లిచ్చేది వేరు, పాకం కాదు. లీటరు నీటికి ఒకటిన్నర కిలో చక్కెర పోసిన పాకం 30 మిల్లీలీటర్లు తాగితే 20 గ్రాములకు పైగా చక్కెర లోపలికి పోతుంది. సెగ్గడ్డలు మళ్లీ మళ్లీ వస్తున్నాయంటే ఒంట్లో షుగరు ఉందేమో ముందు చూపించుకోవాలి. అది తెలియక షర్బత్ పోస్తే నిప్పుకు నెయ్యి పోసినట్టే. నలభై దాటినవారైతే మరీ జాగ్రత్త.

షుగరు ఉన్నవారు ఖేసాందా చేసుకోండి. ఒక చెంచా వేరు కచ్చాపచ్చాగా దంచి, గ్లాసు వేడినీళ్లలో రాత్రంతా మూతపెట్టి ఉంచి, ఉదయం వడగట్టి నిమ్మరసంతో తాగండి. జోషాందాలా మరగబెట్టకండి, పరిమళం ఆవిరితో పోతుంది. గర్భిణులు, రోజూ మందులు వాడేవారు మాత్రం హకీంగారిని అడిగాకే మొదలుపెట్టాలి.