తేలిక బండి జాడ ఎక్కడ వెతకాలి?

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్‌రాయిస్ ఒకటి ఉంది. వెనక సీటు ఉండాల్సిన చోట సింహాసనం ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిస్తే, ఆయన కన్నుమూశాక ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో చేరిన 1912 నాటి సిల్వర్ ఘోస్ట్ అది. ఏడు లీటర్లకు పైబడ్డ ఇంజన్ ఉన్నా అది రోడ్డెక్కి తిరిగింది చాలా తక్కువ. అందుకే ఈనాటికీ చెక్కుచెదరకుండా ఉంది. అదే 1912 డిసెంబరు 14న యూరప్ మోటార్‌సైకిల్ క్లబ్బుల అంతర్జాతీయ సమాఖ్య సమావేశమై మరో రకం బండికి కొలతలు ఖాయం చేసింది. బరువు 350 కిలోలు దాటకూడదు, ఇంజన్ 1100 సీసీ మించకూడదు, క్లచ్, గేర్లు తప్పనిసరి. అంతకన్నా చిన్న తరగతికి 300 కిలోలు, 750 సీసీ హద్దు. వాటికి సైకిల్‌కార్లు అని పేరు. కారు కొనలేని మధ్యతరగతి మనిషిని మోటారు ఎక్కించాలన్న ఆశతో పుట్టిన ఆ బండ్లు వేల సంఖ్యలో తిరిగాయి, తిరిగి తిరిగి అరిగిపోయాయి. వాడకం లేని బండి మ్యూజియానికి చేరుతుంది, రోజూ వాడిన బండి తుక్కులో కలుస్తుంది. వాహన చరిత్ర రాసేవాళ్లంతా మొదట తలపడాల్సిన చిక్కు ఇదే. మిగిలిన బండ్లను మాత్రమే చూసి రాసే చరిత్ర, ఎవరి బండ్లు మిగిలాయో వాళ్ల చరిత్రే అవుతుంది.

ఆ బండ్లు ఎందుకు మిగల్లేదో వాటి నిర్మాణమే చెబుతుంది. 1910లో పారిస్‌లో రాబెర్ బుర్బో, ఆన్రి దెవో తయారుచేసిన బెడేలియాలో ఇద్దరు పక్కపక్కన కాక ముందొకరు, వెనకొకరు కూర్చునేవారు. తొలి నమూనాల్లో నడిపేవాడిది వెనక సీటే. చక్రాలకు ఊపు బెల్టుల ద్వారా వెళ్లేది, స్టీరింగ్ తిప్పడానికి తీగలుండేవి. అదే ఏడాది ఇంగ్లండ్‌లో గాడ్‌ఫ్రే, ఫ్రేజర్ నాష్ అనే ఇద్దరు కుర్రాళ్లు జి.ఎన్. అనే బండి మొదలుపెట్టారు. దాని చట్రం కర్రది, ఇంజన్ మోటార్‌సైకిల్ తరహాది. మాల్వర్న్ ఊళ్లో హెచ్.ఎఫ్.ఎస్. మోర్గాన్ ముందు రెండు, వెనక ఒకటి చొప్పున మూడు చక్రాల బండి కట్టి 1910 నవంబరులో లండన్ ఒలింపియా ప్రదర్శనలో పెట్టాడు. కొందరు ప్లైవుడ్‌తో, గట్టి అట్టలాంటి బోర్డులతో ఒళ్లు కట్టారు. 1912 నవంబరు 27న లండన్‌లో ఈ బండ్ల కోసమే ‘ది సైకిల్‌కార్’ అనే పత్రిక మొదలైందంటే ఉత్సాహం ఎంతటిదో ఊహించుకోవచ్చు. కానీ కర్ర చివికింది, తోలు బెల్టు తెగింది, అట్ట నాని ఊడింది, ఇంజన్‌ను విప్పి మరో బండికి వేసుకున్నారు. బరువు తగ్గించుకోవడానికి చేసిన ప్రతి పనీ ఆయుష్షునూ తగ్గించింది. కాబట్టి వీటి జాడ ఇనుములో వెతికితే దొరికేది కొంచెమే. కాగితంలో వెతకాలి. కాగితమంటే కంపెనీ ప్రకటనలు, పేటెంట్లే కావు. పన్ను రసీదులు, రిజిస్ట్రేషన్ పుస్తకాలు, రవాణా నిబంధనలు అన్నిటికన్నా ముఖ్యం. తేలిక బండి రూపురేఖలను ఇంజనీరు ఎంత గీశాడో, పన్ను లెక్క రాసిన గుమాస్తా అంతే గీశాడు.

ఈ మాటకు ఫ్రాన్స్ మంచి సాక్ష్యం. 1920లో అక్కడి ప్రభుత్వం 350 కిలోలు, 1100 సీసీ దాటని రెండు సీట్ల బండ్లకు ఏడాదికి వంద ఫ్రాంకుల తక్కువ పన్ను పెట్టింది. ఆ వెంటనే అమిల్కార్ లాంటి కొత్త కంపెనీలు, విమాన ఇంజన్లు చేసే సాల్మ్‌సన్ లాంటి పాత కంపెనీలు ఆ హద్దు లోపల సరిగ్గా ఇమిడే బండ్లతో బజారుకెక్కాయి. బ్రిటన్‌లో 1921 నుంచి కార్లకు హార్స్‌పవర్‌కు ఒక పౌండు చొప్పున ఏడాది పన్ను వేశారు. సుమారు నాలుగు వందల కిలోల లోపు మూడు చక్రాల బండికి మాత్రం నాలుగు పౌండ్లే. మోర్గాన్ ఆ మూడో చక్రాన్ని ఎందుకు పట్టుకు వేలాడాడో ఈ అంకెలు తెలియకపోతే అర్థం కాదు. 1935లో కార్ల పన్ను తగ్గించారు, మూడు చక్రాలకున్న లాభం సన్నగిల్లింది. ఆ తర్వాతే మోర్గాన్ కంపెనీ 4-4 అనే నాలుగు చక్రాల కారుతో ముందుకొచ్చింది. అప్పటిదాకా కనిపెట్టడం చేతకాక ఆగిన పని కాదది.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. సైకిల్‌కార్లను చంపింది పన్నులు కావు, మెరుగైన కార్లు అంటారు చాలామంది. 1922లో ఆస్టిన్ సెవెన్ వచ్చింది. నాలుగు సిలిండర్లు, నాలుగు చక్రాలకూ బ్రేకులు, కుటుంబం పట్టే చోటు ఉన్నాయి. దాని ముందు బెల్టు బండి నిలవలేదు. అమెరికాలో ఫోర్డ్ మోడల్ టీ 1908లో 850 డాలర్లతో మొదలై ధర ఏటేటా దిగుతూ పోతుంటే, 1914 ప్రాంతంలో పుట్టగొడుగుల్లా లేచిన సైకిల్‌కార్ కంపెనీలు రెండు మూడేళ్లలో మూతపడ్డాయి. ఇందులో నిజముంది, దాన్ని కాదనాల్సిన పని లేదు. కానీ మంచి కారు రాగానే అన్ని తేలిక బండ్లూ ఒకేలా పోయి ఉండాలి కదా? ఆస్టిన్ సెవెన్ యజమాని మోర్గాన్ యజమానికి దాదాపు రెట్టింపు పన్ను కట్టిన దేశంలో మోర్గాన్ మూడు చక్రాల బండి 1952 వరకు తయారైంది. పన్ను రాయితీ లేని అమెరికాలో ఆ జాతే మాసిపోయింది. పైగా అమెరికా సైకిల్‌కార్ల చక్రాల మధ్య వెడల్పు చాలావాటికి 36 అంగుళాలే. అక్కడి పల్లె బాటల్లో గుర్రపు బండ్ల గాళ్లు 56 అంగుళాల దూరంలో పడి ఉండేవి. ఒక చక్రం గాడిలో, ఒకటి గట్టు మీద పెట్టి ఒరుగుతూ పోయే బండిని రైతు ఎందుకు కొంటాడు? వానాకాలం నల్లరేగడిలో ఎడ్లబండి గాళ్లు చూసిన తెలంగాణవాళ్లకు ఈ ఇబ్బంది ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. బండి బతుకు దాని ఇంజన్‌లో ఎంత ఉందో, అది ఏ బాట మీద, ఏ చట్టం కింద నడుస్తుందో అందులోనూ అంతే ఉంది.

ఈ దారిన వెతకడానికి సిద్దిపేట అనువైన ఊరు. హైదరాబాద్‌కు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, రాజీవ్ రహదారి మీద ఉన్న ఈ పట్టణానికి ప్రయాణికుల రైలు 2023 అక్టోబరు 3న గానీ రాలేదు. అంతవరకు మనుషులు, పంటలు, బట్టల మూటలు అన్నీ రోడ్డు మీదే కదిలాయి. నిజాం రాజ్యంలో రైల్వేకు చెందిన రోడ్డు రవాణా విభాగం 1932లో 27 బస్సులతో మొదలై, క్రమంగా ప్రజల ప్రయాణం ప్రభుత్వ బస్సు చేతికి వచ్చింది. బస్సు పోని చోటు, బస్సు లేని వేళ తేలిక బండ్లవి. స్టేజీ స్టేజీకి ఆగుతూ ఎక్కించుకునే హక్కు చట్టం ప్రకారం బస్సులాంటి స్టేజ్ క్యారేజీది. ఆటో కాంట్రాక్ట్ క్యారేజీ, అంటే ఒక బేరం, ఒక ప్రయాణం. ఊరి అడ్డా మీద నిండేదాకా ఆగి, దారి పొడవునా ఎక్కించుకుంటూ పోయే షేరింగ్ ఆటో ఈ రెండు గడుల మధ్య సందులో పుట్టింది. ఆ సందు ఎంత వెడల్పుంటే ఆటో బతుకు అంత. 2023 డిసెంబరు 9న ఆర్టీసీ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. ఆడవాళ్లకు అది ఎంతో మేలు చేసింది. అదే సమయంలో రాబడి పడిపోయిందంటూ రాష్ట్రమంతా ఆటో డ్రైవర్లు ఆందోళనకు దిగారు. ఇంజన్ మారలేదు, డీజిలు ధర ఆ రోజు మారలేదు. మారింది బస్సు టికెట్టు నియమం ఒక్కటే.

ఆటోకూ సైకిల్‌కారుకూ చుట్టరికం ఏమిటని ఇక్కడ అడగవచ్చు. ఆటో వంశం వేరన్నది నిజమే. ఇటలీలో స్కూటరు నుంచి పుట్టిన పియాజియో అపె 1948 నాటిది. మన దేశంలో బజాజ్‌కు స్కూటర్లు, మూడు చక్రాల బండ్లు చేసే లైసెన్సు 1959లో దొరికింది. బెడేలియా నుంచి ఒక్క నట్టు కూడా వారసత్వంగా రాలేదు. పైగా సైకిల్‌కారు సరదాకో సొంతానికో కొన్న బండి, ఆటో పొట్టకూటి బండి. ఇన్ని తేడాలున్నా రెండూ నిలబడ్డ చోటు ఒకటే. మోటార్‌సైకిల్‌కు పైన, కారుకు కింద, తక్కువ బరువుతో, తక్కువ పన్నుతో, మోటార్‌సైకిల్ స్థాయి ఇంజన్‌తో నడిచే చోటు అది. అక్కడ ఏ బండి నిలవాలో చట్టమే ప్రతిసారీ తేల్చింది. బజాజ్ 2012 జనవరిలో చూపించిన నాలుగు చక్రాల చిన్న బండి, 216 సీసీ ఇంజన్‌తో దాదాపు 400 కిలోలు తూగే క్యూట్, విదేశాలకు ఎగుమతై కూడా మన దేశంలో అమ్మకానికి 2019 దాకా ఆగింది. అది కారా, ఆటోనా అని తేల్చి, క్వాడ్రిసైకిల్ అనే తరగతిలో సొంత వాహనంగా ఒప్పుకోవడానికి అన్నేళ్లు పట్టింది. ఈ-రిక్షా కథ కూడా అంతే. 2014లో ఢిల్లీ హైకోర్టు వాటిని ఆపేసింది, 2015 నాటి చట్ట సవరణ వాటికి చోటిచ్చింది. 1912 డిసెంబరులో సమాఖ్య చేసిన పనిని మన పార్లమెంటు నూరేళ్ల తర్వాత మళ్లీ చేసింది. నా దృష్టిలో చుట్టరికం అంటే ఇదే.

ఈ ప్రాంతానికి తయారీ చరిత్ర కూడా లేకపోలేదు. 1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ పేరు చెబితే ఫ్రిజ్‌లు, గడియారాలు, బస్సు బాడీలు గుర్తొస్తాయి గానీ పుష్పక్ అనే స్కూటరూ ఆ సంస్థదే. అదే ఆల్విన్ 1980లలో జపాన్ నిస్సాన్ సహకారంతో జహీరాబాద్‌లో చిన్న లారీల ఫ్యాక్టరీ పెట్టింది, తర్వాత అది మహీంద్రా చేతికి వెళ్లింది. అప్పట్లో జహీరాబాద్, సిద్దిపేట రెండూ మెదక్ జిల్లాలోనివే, కాబట్టి ఆ ఫ్యాక్టరీ కాగితాలూ ఈ వెతుకులాటలో భాగమే.

ఇక అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఉంది. కాగితాలు నిజం చెబుతాయా? ఆర్సీలో ముగ్గురు ప్రయాణికులని ఉంటే ఆటోలో ఎనిమిది మంది ఉంటారు. సరుకుల కోసం తీసుకున్న ట్రాలీ ఆటో వెనక కూలీలు నిలబడి పొలాలకు పోతారు. ఎవరి పేరున బండి ఉందో, ఎవరు నడుపుతున్నారో వేర్వేరు. 250 వాట్ల లోపు మోటారుతో, 25 కిలోమీటర్ల వేగం దాటని ఎలక్ట్రిక్ బండికి అసలు రిజిస్ట్రేషనే అక్కర్లేదు కాబట్టి దాని పేరు ఏ పుస్తకంలోనూ ఎక్కదు. ఇదంతా నిజమే. అయినా ఒక్క కాగితాన్నే నమ్మమని చరిత్రకారుడికి ఎవరూ చెప్పరు. ఆర్సీలోని సీట్ల లెక్కకూ బండి మీద అదనంగా వెల్డింగ్ చేసిన పలకకూ మధ్య ఉన్న తేడాయే విలువైన సాక్ష్యం. అవసరం చట్టాన్ని ఎంత దూరం నెట్టిందో ఆ పలక కొలిచి చూపిస్తుంది. ఫ్రాన్స్‌లో తూకం నాడు 350 కిలోలకు సరిపడి, ఇంటికెళ్లాక అదనపు చక్రం, టాపు, దీపాలు తగిలించుకున్న బండికీ దీనికీ పెద్ద తేడా లేదు. రిజిస్ట్రేషన్ లేని బండ్ల జాడ మెకానిక్ షెడ్డులో, బ్యాటరీ కొట్టు బిల్లు పుస్తకంలో, ఫైనాన్స్ వాళ్ల కిస్తీల చిట్టాలో దొరుకుతుంది. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు వేర్వేరు ఏళ్లవైతే ఆ బండి గుండె మార్చారని తెలుస్తుంది. యూరప్‌లో పాత బండి నకిలీదో అసలుదో తేల్చడానికి సంగ్రాహకులు కూడా ఆ రెండు నంబర్లను సరిచూస్తారు.

ఈ పని వాయిదా వేసే వీలు లేదని నేను గట్టిగా అనుకుంటున్నాను. 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ రద్దవుతోంది, ప్రైవేటు పాత బండ్లనూ తుక్కుకు పంపమన్న ఒత్తిడి ఉంది. గాలికి అది మంచిదే. కానీ బండిని నుజ్జు చేసే ముందు నాలుగు ఫోటోలు, ఆర్సీ నకలు, యజమాని చెప్పే నాలుగు మాటలు రాసి పెట్టుకోవడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. సిద్దిపేట బండ్ల నంబర్లే మూడు పాలనల గుండా నడిచాయి. ఉమ్మడి మెదక్ నాటి ఏపీ 23, 2016 అక్టోబరులో జిల్లా ఏర్పడ్డాక టీఎస్ 36, 2024 మార్చి నుంచి టీజీ 36. పాత రికార్డులు ఏ ఆఫీసు బీరువాలో ఉన్నాయో ఒక పట్టికగా రాసుకోవడం పరిశోధనలో తొలి మెట్టు. దేశమంతటి బండ్ల లెక్క చెప్పే వాహన్ పోర్టల్‌లో తెలంగాణ అంకెలు చాలా ఏళ్లు కలవలేదు. కాబట్టి ఢిల్లీ లెక్కలు చూసి ఇక్కడి కథ రాయడం కుదరదు. 2024 నవంబరు 18 నుంచి రాష్ట్రంలో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించారు, గడువు 2026 డిసెంబరు 31 అన్నారు. ఫ్రాన్స్‌లో 1920 నాటి వంద ఫ్రాంకుల పన్ను ఏం చేసిందో చదివినవాళ్లకు ఈ రెండు తేదీల మధ్య సిద్దిపేట ఆర్టీఏ ఆఫీసు పుస్తకాల్లో ఏం వెతకాలో తెలుసు. నెలకు ఎన్ని బ్యాటరీ ఆటోలు ఎక్కాయి, వాటిలో డీజిల్ ఆటో అమ్మి కొన్నవి ఎన్ని, ఏ మండలాలవి, ఎంతమంది అప్పు మీద తీసుకున్నారు అన్న లెక్క తీయడానికి డిగ్రీ కాలేజీ చరిత్ర విద్యార్థులు నలుగురు, వాళ్లకు ఆఫీసు తలుపు తీసే ఒక ఉత్తర్వు చాలు.